డెబ్బై రెండు సూత్‌లు

మా గల్లీ కిందున్న పైపులో ఒకసారి బర్రె దూడ పడింది. ఓదెమ్మ గది ముందున్న చాంబర్‌లో పడ్డది పడ్డట్టే లోపలికి నడుచుకుంటూ పోయి, మా మరమగ్గాల షెడ్డు కిందుగా దాటి, అవతల రోడ్డు పక్క నాలాలో తేలింది. బయటికి వచ్చేసరికి దాని ఒళ్లు ఎంత శుభ్రంగా మెరిసిపోతోందంటే, పాలవాడు గుర్తుపట్టలేక ఇది నా దూడే కాదన్నాడు. ఈ ముచ్చట నేను ముప్ఫై ఏళ్లుగా చెబుతున్నాను. తొమ్మిది ఇంచుల పైపులో దూడ ఎట్లా పట్టిందని ఒక్కరూ అడగలేదు. అడిగితే చెప్పడానికి జవాబు మాత్రం సిద్ధంగా ఉంచుకున్నాను: అది బాగా చిక్కిన దూడ.

ఆ పైపు వేసింది నేనే. ఠాణే దగ్గర కామత్‌ఘర్‌లో మా గల్లీ పల్లంలో ఉంటుంది. వాన పడితే నీళ్లన్నీ ఓదెమ్మ గది ముందుకే చేరుతాయి. అక్కడి నుంచి నాలాకు పోవాలంటే మా షెడ్డు కింది నుంచి తప్ప దారి లేదు. అందుకని షెడ్డు కట్టేటప్పుడే కందకం తవ్వి సిమెంటు పైపు పరిచాను. దాని మీద నేల వేసి, నేల మీద నాలుగు సాంచాలు బిగించాను. మరమగ్గాలను మేము సాంచాలంటాం. “లక్ష్మీనర్సయ్య వేసిన పైపు పడుగు పోగు లెక్క సీదా ఉంటది, వెంట్రుక మందం వంకర లేదు” అని నేనే అందరికీ చెప్పుకునేవాడిని. వేరేవాళ్లు చెప్పేదాకా ఆగితే ఆలస్యమవుతుందని.

మొన్నటి మే నెలలో ఆ పైపు మా ఇంటి మీదికి వచ్చింది.

అంతకుముందు వానాకాలం ఓదెమ్మ గదిలోకి నాలుగుసార్లు నీళ్లొచ్చాయి. ఓదెమ్మ మా షెడ్డులోనే కండెలు చుడుతుంది. పద్దెనిమిదేళ్ల కింద మొగుడితో ఆ గదికి వచ్చింది, ఆరేళ్లుగా ఒక్కతే ఉంటోంది. నాలుగోసారి నీళ్లలో ఆమె బియ్యం డబ్బా తేలుతూ గల్లీ చివరిదాకా పోయింది. ఆ డబ్బాను చూసినవాళ్లందరికీ ఒకేసారి బుద్ధి పుట్టింది. వానలు పడకముందే పాత పైపు తీసేసి కొత్తది వేయాలని గల్లీవాళ్లంతా కూర్చుని తీర్మానం చేశారు. పని భీమ్‌రావు మేస్త్రీకి అప్పగించారు.

భీమ్‌రావు సుద్దముక్క పట్టుకుని వచ్చి, షెడ్డు నేల మీద ఈ గోడ నుంచి ఆ గోడకు రెండు గీతలు గీశాడు. గీతల మధ్యలో నా నాలుగు సాంచాలూ ఉన్నాయి.

“నాలుగు లేపాలె సేట్. తప్పదు.”

“తవ్వినంక మళ్ల దింపుతవ్ గదా?”

“దింపుడు నా పని కాదు. నేల పోసి ఇస్త.”

నా కొడుకు రూపేష్ గుమ్మంలో నిలబడి వింటున్నాడు. వాడు కాశేలిలో ఒక గోదాములో సూపర్‌వైజరు. నలభై ఎనిమిదేళ్లవాడు, నాకంటే నెమ్మదస్తుడు, అబద్ధం చెప్పడం చేతగాదు. ఆ విద్య నా నుంచి వాడికి దిగలేదు.

“లేపినంక మళ్ల దింపుడెందుకు బాపు?” అన్నాడు. “భంగార్‌వాలాకు చెప్త, ఇనుము కింద తీస్కపోతడు. షెడ్డు పార్సిళ్లోళ్లకు కిరాయికిద్దాం. నీ మోకాళ్ల సంగతి చూసుకున్నవా? మెట్లు దిగుతుంటే దర్వాజ కిర్రుమన్నట్టు కిర్రుమంటయ్.”

“మోకాళ్లకు నూనె వేసినవా ఎప్పుడన్న? సాంచాకు వేస్తే అది కిర్రుమనదు.”

“నవ్వులాట కాదు బాపు.”

నాకూ నవ్వులాట కాదు. డెబ్బై మూడేళ్ల మనిషికి పొద్దున లేస్తే పోవడానికి ఒక చోటుండాలి. షెడ్డు మీదున్న మా ఇంటి నుంచి నాకు ఆ చోటు ఇనుప మెట్ల కింద పద్నాలుగు అడుగుల దూరంలో ఉంది. ఆ నాలుగూ పోతే నేను ధామన్కర్ నాకాలో ఆటో స్టాండు దగ్గర కూర్చుని, ఎక్కేవాళ్లనూ దిగేవాళ్లనూ లెక్కపెట్టుకునే ముసలివాళ్లలో ఒకణ్నవుతాను. అక్కడ ఇప్పటికే చోటు లేదు.

ఆ సాయంత్రం అన్నాల దగ్గర నా మనవరాలు నమ్రత సంగతంతా విన్నది. నమ్రత ఠాణేలో ఒక కంపెనీలో పని చేస్తుంది. పెద్ద పెద్ద బిల్డింగుల పైపుల్లోకి కెమెరా పంపి, లోపల ఎంత పూడింది, ఎక్కడ పగిలింది కొలిచి చెప్పడం ఆమె ఉద్యోగం. నెత్తికి టోపీ, కాళ్లకు బూట్లు. గల్లీలో చాలామంది ఆమె మెట్రోలో పని చేస్తుందనుకుంటారు. నేనూ కాదనలేదు.

“ఆధీ బఘూయా పప్పా, ముందు చూద్దాం” అంది రూపేష్‌తో. “చూడకముందే తవ్వుడేంది? ఐతవారం సార్‌ను అడిగి కెమెరా తెస్త. లోపల బాగుంటే తవ్వుడే అక్కరలేదు, తాత సాంచాలు తాతకే ఉంటయ్.”

ఎగిరి గంతేయాల్సింది నేను. కానీ నేనేమన్నానంటే, “ముప్ఫై ఏండ్ల సంసారిది ఆ పైపు. దాని కడుపులకు కెమెరా పెడ్తే దానికి సిగ్గుండదా బిడ్డా?”

నా భార్య రాజమణి గంటె పట్టుకుని అట్లాగే ఆగింది. “నీ సాంచాల కోసమే పిల్ల తండ్లాడుతుంటే నువ్వే అడ్డం పడుతవేంది?”

నేను కంచం ముందుకు జరిపాను. కాస్త పచ్చిపులుసు పోయమన్నాను.

ఆదివారం పొద్దున నమ్రత కెమెరా తెచ్చింది. నేనేదో పెళ్లి ఫొటోలవాడి పెట్టె లాంటిది వస్తుందనుకున్నాను. తీరా చూస్తే కండె కంటే కొంచెం లావుగా ఉన్న ఇనుప ముక్క. దాని మూతికి ఒక కన్ను, కన్ను చుట్టూ దీపాలు. వెనక నుంచి పొడుగాటి తాడు లాంటి తీగ, రాట్నం లాంటి చక్రానికి చుట్టి ఉంది. తీగ ఎంత లోపలికి పోయిందో చక్రం దగ్గరే మీటర్లలో అంకె పడుతుంది. ఇంకో వింత ఏమిటంటే, ఆ కన్ను పోయిన చోటల్లా పైపు లోపలి గోడ మీద ఎర్రటి వెలుగు చేతి గాజులాగా చుట్టూ పడుతుంది. ఆ గాజు ఎంత వెడల్పుంటే పైపు అంత వెడల్పు. తెర మీద ఆ కొలత మిల్లీమీటర్లలో కనిపిస్తుంది.

గల్లీ గల్లీ అంతా ఓదెమ్మ గది ముందే ఉంది. భీమ్‌రావు నీళ్లు తోడించి, చాంబర్ మూత పక్కకు జరిపించాడు. ఓదెమ్మ పీట వేసుకుని అందరికంటే ముందు కూర్చుంది. ఎంతైనా ఆమె గుమ్మం.

“జాగ్రత్తగ చూడుండ్రి. దూడ అడుగులు కనవడ్తయ్” అన్నాను.

“దూడ పోయినకాడికి నా బియ్యండబ్బ ఎందుకు పోకపాయె మామా?” అంది ఓదెమ్మ.

“డబ్బకు కాళ్లు లేవు.”

అందరూ నవ్వారు. నమ్రత తీగను కొంచెం కొంచెంగా లోపలికి వదిలింది. ముందు కొత్త గాజులాగా గుండ్రంగా ఎర్ర వెలుగు కనిపించింది. “రెండు వందల ముప్ఫై” అని చదివింది. తొమ్మిది ఇంచులకు అదే లెక్క. మీటరు దాటగానే గాజు అడుగు భాగం మాయమైంది. పైన సగం వంపు, కింద నల్లగా, చదునుగా ఏదో ఉంది.

“నాలుగు మీటర్లు. కప్పు కాడి నుంచి కిందికి నూట నలభై.” ఇంకాస్త వదిలింది. “ఎనిమిది మీటర్లు. నూట నలభై.”

భీమ్‌రావుకు మిల్లీమీటర్లతో పడదు. మడత స్కేలు తీసి తన లెక్కలోకి మార్చుకున్నాడు. “అంటే మిగిలింది ఐదున్నర. తొమ్మిదింట్ల మూడు ఇంచుల నాలుగు సూత్ మింగింది.”

సూత్ అన్న మాట వినబడగానే నేను చెప్పబోతున్న ముచ్చట నోట్లోనే ఆగింది.

రూపేష్ అడిగాడు, “అది బురదనా భీమ్‌రావ్? ప్రెషర్ బండి తెచ్చి కడిగితే పోదా?”

“బురదైతే పోతది. మరి పైపు అడుగు పగిలి కింది మట్టి లోపలికొచ్చిందనుకో. ముప్ఫై ఏండ్లు సాంచాలు దడదడ కొట్టినయ్ దాని మీద. గప్పుడు ప్రెషర్ పెడ్తే కింది మట్టంత కడుక్కపోతది. ఒకనాడు పొద్దుగాల మీ బాపు సాంచాలతోటి కలిసి భూమిలకు దిగుతడు. ఆ పేరు నాకొద్దు. తవ్వుడే.”

రూపేష్ నా వైపు చూడకుండా జేబులోంచి ఫోను తీశాడు. భంగార్‌వాలా నంబరు వాడి దగ్గర ముందే ఉందని అప్పుడు తెలిసింది.

నమ్రత మాత్రం తెర ముందు నుంచి లేవలేదు. “నాలుగు కాడ నూట నలభై, ఎనిమిది కాడ నూట నలభై, పన్నెండు కాడ గూడ గంతే. ఇంత సమానంగ ఎక్కడ చూడలే నేను” అంది. తర్వాత తలెత్తి, “నువ్వే వేసినవ్ గదా తాతా, ఎట్ల ఉంటదిట్ల?” అని అడిగింది. నన్ను పట్టుకోవాలని కాదు. పని చేసే మనిషి ఇంకో పని చేసిన మనిషిని అడిగినట్టు అడిగింది.

“వాటం లేదు బిడ్డా” అన్నాను.

“అంటే?”

“పైపుకు వాటం ఇయ్యలే. ఆ కొస నుంచి ఈ కొసకు ఒక్క తీర్గ ఉన్నది. నీళ్లు పోతయ్, బురద ఆడ్నే పంటది.”

భీమ్‌రావు స్కేలు మడిచాడు. “అప్పుడు మేస్త్రీ చెప్పలేదా?”

చెప్పాడు. ఆ మేస్త్రీ కల్యాణ్ మనిషి. కందకం తవ్వడం అయ్యాక, తమ్ముడి పెళ్లని ఊరికి పోతూ నాకు పని ఒప్పజెప్పి, “హర్ ఫుట్ ఏక్ సూత్ రఖ్నా” అన్నాడు. ప్రతి అడుగుకు ఒక సూత్ పెట్టాలి. నేను సాలెవాణ్ని. పుట్టినప్పటి నుంచి సూత్ అంటే నాకు తెలిసింది నూలు. కందకం డెబ్బై రెండు అడుగులు. అడుగుకొకటి చొప్పున డెబ్బై రెండు జతల మేకులు కొట్టి, ఒక్కొక్క జతకు అడ్డంగా ఒక్కొక్క పోగు కట్టాను. తెల్లటి నలభై నంబరు నూలు. నీళ్లసీసాతో మట్టం చూసి అన్ని పోగులనూ ఒకే ఎత్తుకు తెచ్చాను. ఒక్కటి ఎక్కువ లేదు, ఒక్కటి తక్కువ లేదు. వాటి కింద పైపులు పరిచి, మట్టి కప్పేశాను.

“మేస్త్రీ పెండ్లి నుంచి వచ్చిండు” అని చెప్పాను అందరికీ. “సూత్ రఖా క్యా అన్నడు. రఖా, బహత్తర్ అన్న, డెబ్బై రెండని. ఏక్‌దమ్ బరాబర్ అని నా వీపు చరిచి పైసలు తీస్కొని పోయిండు.”

భీమ్‌రావు నా మొహం చూశాడు. తర్వాత చాంబర్ మూత మీద కూలబడ్డాడు. నవ్వు ఎక్కువై వాడి నోట మాట రాలేదు. కొంచెం తేరుకుని మిగతావాళ్లకు విడమర్చి చెప్పాడు. మేస్త్రీల భాషలో సూత్ అంటే ఇంచులో ఎనిమిదో వంతు. అడుగుకు ఒక సూత్ కిందికి దించాలి. డెబ్బై రెండు అడుగులకు డెబ్బై రెండు సూత్‌లు, అంటే ఆ కొస ఈ కొస కంటే తొమ్మిది ఇంచులు పల్లంలో ఉండాలి. “ఆయన బరాబర్ అన్నది గూడ కరెక్టే, ఈయన బహత్తర్ అన్నది గూడ కరెక్టే” అని మళ్లీ నవ్వాడు.

రాజమణి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. “నేను కండెలకు పెట్టుకున్న నూలది. కందకం మీద పందిరేస్తున్నడేంది, దీనికి గూడ పెండ్లి చేస్తడా అనుకున్న.”

గల్లీ అంతా నవ్వుతోంది. ఓదెమ్మ నవ్వలేదు.

“నీకెప్పుడు తెలిసింది మామా, సూత్ అంటే నూలు కాదని?”

ఇక్కడ ఒక అబద్ధానికి చోటుంది. ఇప్పుడే, భీమ్‌రావు నోటినుంచి విన్నాకే తెలిసిందని అంటే ఎవరూ కాదనలేరు. నా జీవితంలో అంతకంటే చిన్న చోట్లలో దూడలను పట్టించాను.

“రూపేష్ పెండ్లి కాకముందే” అన్నాను. “సైజింగు ఫ్యాక్టరీల ఒక ఫిట్టరు నాలుగు సూత్ బోల్టు తెమ్మన్నడు. బోల్టుకు నూలెందుకని అడిగిన. ఆయన చెప్పిండు.”

“అంటే నేనీ గదికొచ్చిన్నాటికే నీకెరుక.”

“ఎరుక.”

“నీళ్లెందుకొస్తున్నయంటే ఎలుకలన్నవ్. ప్లాస్టిక్ సంచులన్నవ్. మున్సిపాలిటీ అన్నవ్.”

“అన్న.”

ఆమె చాంబర్‌లోకి చూస్తూ కూర్చుంది. “గందుకేనా, నీళ్లొచ్చినప్పుడల్ల బకెటు వట్టుకొని అందరికన్న ముందు నువ్వే వచ్చుడు? నేను మంచితనం అనుకున్న.”

“కొంచెం అది గూడ ఉన్నది” అన్నాను.

ఓదెమ్మ పీట మీది నుంచి లేచి లోపలికి పోయి, నమ్రతకు చెంబుతో మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది. నాకు ఇవ్వలేదు. అంతే.

నమ్రత నీళ్లు తాగి చెంబు కింద పెట్టింది. “భీమ్‌రావ్ కాకా, వాటం లేకుంటే బురద ఇట్లనే సమానంగ పరుచుకుంటది గదా? పైపు పగిలి మట్టొస్తే ఆ జాగల కుప్ప ఉండాలె.”

“ఉండాలె.”

“అయితే నాలుగు మీటర్లకొకసారి కాదు, మీటర్ మీటర్‌కు కొలుద్దాం.”

తీగ వెనక్కి లాగి మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టింది. ఆమె చదువుతుంటే భీమ్‌రావు సుద్దతో ఓదెమ్మ గోడ మీద రాశాడు. ఇరవై రెండు మీటర్లు, ఇరవై రెండు అంకెలు. నూట ముప్ఫై ఎనిమిది, నూట నలభై రెండు, నూట నలభై. ఎక్కడా కుప్ప లేదు, ఎక్కడా గుంట లేదు. పరుపు పరిచినట్టుంది. నా మొత్తం జీవితంలో ఏ పనీ అంత సమానంగా చేసి ఉండను. గోడ మీది అంకెలు చూస్తుంటే సిగ్గూ, కొద్దిగా గర్వమూ రెండూ కలిగాయి. గర్వం సంగతి ఎవరికీ చెప్పలేదు.

భీమ్‌రావు చివరి అంకె రాసి సుద్ద జేబులో వేసుకున్నాడు. “పైపు గట్టిగ ఉన్నది. కడుగుదాం.”

రూపేష్ చేతిలో ఫోను ఇంకా వెలుగుతోంది. అవతల ఎవరో హలో హలో అంటున్నారు. “బాద్ మే” అని పెట్టేశాడు. ఎంత తర్వాతో చెప్పలేదు.

బుధవారం ప్రెషర్ బండి వచ్చింది. నాలా వైపు ముందు నల్లటి నీళ్లు, తర్వాత బురద, ఆ తర్వాత ముప్ఫై ఏళ్ల దూదిపీచు జడలు జడలుగా బయటపడ్డాయి. సాయంత్రం నమ్రత డ్యూటీ నుంచి నేరుగా వచ్చి, బూట్లయినా విప్పకుండా మళ్లీ కెమెరా వదిలింది. ఈసారి ఎర్ర గాజు ఎక్కడా తెగలేదు. రెండు వందల ముప్ఫై, రెండు వందల ముప్ఫై, రెండు వందల ముప్ఫై. పదో మీటరుకు వచ్చేసరికి గల్లీలో పిల్లలు ఆమెతో కలిసి చదవడం మొదలుపెట్టారు.

భీమ్‌రావు నేల మీది సుద్ద గీతలు కాలితో చెరిపి ఒక షరతు పెట్టాడు. “వాటం లేని పైపు ఇది. ఏటా మే నెలల కడగాలె, కొలవాలె. ఒక్క ఏడు మరిస్తే మళ్ల ఓదెమ్మ ఇంట్ల పడవలే.”

“నేను చేయిస్త” అన్నాను.

“మామ మాట గాలిల పెట్టకుండ్రి” అంది ఓదెమ్మ. “కాయితం మీద రాయించుండ్రి. సంతకం గూడ.”

రాసి సంతకం పెట్టాను. అది మా రెండిళ్ల మధ్య మూడు రోజుల తర్వాత పడ్డ మొదటి మాట. ఇంకో షరతు ఆమె సొంతంగా పెట్టింది. “ఇగ దూడ ముచ్చట బందు. ఈ నూలు ముచ్చట నేను చెప్త. నడుమ నువ్వు మాట్లాడొద్దు.”

ఒప్పుకున్నాను. ఒప్పుకున్నాక తెలిసింది, ఆమె నాకంటే పనిమంతురాలని. జూన్ వచ్చేసరికి డెబ్బై రెండు పోగులు ఏడు వందల ఇరవై అయ్యాయి. నేను కందకంలో కూర్చుని అంచూ కొంగూ పెట్టి పైపుకు చీర నేశానని, మేస్త్రీ వచ్చి ఆ చీర తన కొత్త మరదలికి అడిగాడని ధామన్కర్ నాకా దాకా పాకింది. ఆటోవాళ్లు నన్ను చూసి నవ్వుతుంటే ఏమిటా అనుకున్నాను. ఓదెమ్మ మీద నాకు కొంచెం ఈర్ష్య పుట్టిన మాట నిజం.

సాంచాల సంగతి మాత్రం ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. రూపేష్ పొద్దున కాశేలికి పోయేవాడు, రాత్రికి వచ్చేవాడు. షెడ్డు ముందు నుంచే దారి అయినా లోపలికి తొంగి చూసేవాడు కాదు. తవ్వాల్సిన అవసరం తప్పింది గాని, వాడు అనుకున్నది తప్పని ఎవరు చెప్పారు? నా మోకాళ్లు కిర్రుమంటూనే ఉన్నాయి.

జూన్ రెండో వారంలో పెద్ద వాన పడింది. పొద్దున తొమ్మిదికి మొదలై మధ్యాహ్నం దాకా ఆగలేదు. కాశేలి రోడ్డు మునిగిందని రూపేష్ ఇంట్లోనే ఉన్నాడు. పదకొండింటికి కరెంటు పోయి సాంచాలు ఆగిపోయాయి. మేమంతా మెట్ల మీద పత్రా రేకు కింద నిలబడి ఓదెమ్మ గుమ్మం వైపే చూస్తున్నాం. ఓదెమ్మ గుమ్మంలో నిలబడి చాంబర్ వైపు చూస్తోంది. చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని, పక్కన బకెటు కూడా పెట్టుకుంది. నేనూ అలవాటు ప్రకారం నా బకెటు తెచ్చుకుని, రేకు అంచున జల్లులో నిలబడ్డాను.

నీళ్లు చాంబర్ మూత మీది జాలీ దాకా వచ్చాయి. అక్కడ సుడి తిరుగుతూ ఎంతసేపున్నాయో చెప్పలేను. తర్వాత ఎవరో కింది నుంచి పీల్చినట్టు దిగిపోయాయి. మళ్లీ వచ్చాయి, మళ్లీ దిగాయి. గడప తడవలేదు. ఓదెమ్మ బకెటు బోర్లించి దాని మీద కూర్చుని నా వైపు చూసి, “నీ బకెటు లోపల పెట్టుకో మామా, ముసలోనివి వానల తడుస్తున్నవ్” అంది. ఆ కెమెరా ఆదివారం తర్వాత ఆమె నన్ను గురించి అన్న మొదటి మంచి మాట అది.

ఒంటిగంటకు కరెంటు వచ్చింది. మెట్టు మీద కూర్చున్నవాణ్ని లేవబోయి మోకాలు పట్టుకుని ఆగాను. అప్పటికే రూపేష్ మెట్లు దిగుతున్నాడు. స్టార్టరు చప్పుడు విన్నాను. ఒక సాంచా, ఆ వెనక రెండోది. మూడోది మొదలై ఆగింది. కాసేపటికి వాడు గుమ్మంలోకి వచ్చి పైకి చూశాడు.

“బాపు, మూడో సాంచాకు పోగు తెగింది. అతుకుడు నాకు యాదికి లేదు. దిగొస్తవా?”

పన్నెండేళ్లకే వాడు నాకంటే వేగంగా పోగులు అతికేవాడు. ఆ చేతివాటం మర్చిపోవడమంటూ ఉండదు. నలభై ఎనిమిదేళ్లు వచ్చాక మొదటి అబద్ధం ఆడుతున్నాడు, మొహం ఎటు పెట్టుకోవాలో కూడా తెలియడం లేదు.

నేను నమ్మినట్టే తల ఊపి, మెట్లు దిగాను.